కుర్రగట్టు, నడిగట్టు, ముసలిగట్టు: మట్టిని చూసి మొరెయిన్ల వయసు కట్టే పనిలో నా డైరీ

అక్టోబరు 5

జూన్ చివర్లో హిమాచల్ ప్రదేశ్ లోని లాహౌల్ నుంచి మోసుకొచ్చిన మట్టి సంచులు ఇవాళ అల్మరాలోంచి బయటికి వచ్చాయి. మొత్తం పందొమ్మిది. పరీక్షలు, ఆ తర్వాత వానలు, దసరాకి ఊరు వెళ్లడం, అన్నీ అయ్యాక ఇప్పటికి తీరిక దొరికింది. విశాఖ మద్దిలపాలెంలో మేం అద్దెకుండే ఇంటి డాబా మీద నీడపట్టున దుప్పటి పరిచి, దాని మీద పాత పేపర్లు వేసి, ఒక్కో సంచీ ఒక్కో పేపరు మీద గుమ్మరించాను. ఈ మట్టి ఎండలో ఎండకూడదు, నీడనే ఆరాలి.

ఇంటావిడ పైకొచ్చి చూసి, "మొక్కలకా అమ్మా? ఇంత బూడిదలా ఉందేంటి?" అన్నారు. "మొక్కలకి కాదు పిన్నిగారూ, దీని వయసు కట్టాలి" అన్నాను. మట్టికి వయసేమిటని ఆవిడ పిట్టగోడకి ఆనుకుని అక్కడే నిలబడిపోయారు. ఆవిడకి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను.

హిమానీనదం అంటే కదిలే మంచు. కదిలేటప్పుడు కొండను గీరుకుంటూ బండలు, గులకరాళ్లు, ఇసుక, పిండిలాంటి రాతిపొడి అన్నిటినీ కలగాపులగంగా మోసుకొచ్చి అంచున కుప్ప పోస్తుంది. మంచు వెనక్కి తగ్గాక ఆ కుప్ప గట్టులా మిగిలిపోతుంది. దాన్నే మొరెయిన్ అంటాం. మంచు వదిలిన రోజున అది వట్టి రాయీ, రాతిపొడీ. ఆ మర్నాటి నుంచే దాని మీద వాన, ఎండ, గడ్డకట్టే చలి, నాచు, గడ్డివేళ్లు పని మొదలుపెడతాయి. పైన నల్లటి పొర కడుతుంది. దాని కింద, రాతిలోని ఇనుము తుప్పు పట్టి గోధుమరంగు తిరుగుతుంది. రాతిపొడి శిథిలమై కొంచెం కొంచెంగా బంకమన్ను పుడుతుంది. గట్టు మీద గుంట తీసి ఈ మార్పు ఎంత లోతుకి, ఎంత గట్టిగా వచ్చిందో చూస్తే మంచు ఎప్పుడు వదిలిందో ఒక అంచనాకి రావచ్చు.

మనాలి నుంచి అటల్ సొరంగం దాటి, కోక్‌సర్, గ్రాంఫూ మీదుగా చంద్రా నది వెంట పైకి వెళ్లాం. నాలుగు గట్ల మీద ఐదు గుంటలు తీశాం. నోట్‌బుక్కులో అంకెలతో తికమక పడకుండా వాటికి పేర్లు పెట్టుకున్నాను. ఇప్పటి మంచు అంచుకి దగ్గరగా, గడ్డి కూడా సరిగ్గా పట్టనిది కుర్రగట్టు. నడిగట్టు, ముసలిగట్టు ఇదివరకే వయసు తేలిన కాలాలకు చెందినవి. మంచు ముందుకొచ్చిన ఒక్కో కాలాన్ని ఒక్కో దశ అంటారు. ఆ లోయలో కుల్టీ దశ మొరెయిన్లు (నడిగట్టు వీటిలోది) సుమారు 11,400 నుంచి 10,000 ఏళ్లవనీ, అంతకు ముందటి బాతల్ దశవి (ముసలిగట్టు వీటిలోది) సుమారు 15,500 నుంచి 12,000 ఏళ్లవనీ 2001లో వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. మంచు వదిలేశాక బండ మీద విశ్వకిరణాలు పడి, అందులోని క్వార్ట్జ్‌లో బెరీలియం-10 అనే అరుదైన రకం పరమాణువు పోగవుతుంది. అది ఎంత పోగైందో కొలిచి కట్టిన వయసులవి. నాలుగోది పక్క వాగులో ఉన్న తెలియని గట్టు. దాని వయసుని మిగతా మూడింటి మట్టితో పోల్చి చెప్పగలనా అన్నదే ఈ ప్రాజెక్టు.

అక్టోబరు 11

ఆరిన మట్టిని రోకలితో నూరకూడదు, గులకరాళ్లు పగిలి లెక్క చెడిపోతుంది. చెక్క కర్రతో మెల్లగా అదిమి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాను. జల్లెడ మీద మిగిలిన రాళ్లకి వేరే తూకం.

రంగు చూడటం తేలిక అనుకున్నాను. మట్టి రంగుకి మన్సెల్ పట్టిక అని ఉంది. ఎరుపు, పసుపుల్లో ఏ వైపు మొగ్గిందో ఒక గుర్తు, ఎంత లేతగా ఉందో ఒక అంకె, ఎంత చిక్కగా ఉందో ఇంకో అంకె. అసలు పుస్తకం ఖరీదు ఎక్కువని, నెట్‌లో దొరికిన పేజీలకి ప్రింట్లు తీయించాను. ద్వారకానగర్లో తీయించిన ప్రింటునీ జగదాంబ దగ్గర తీయించినదాన్నీ పక్కపక్కన పెడితే ఒకే గడి రెండు రంగుల్లో ఉంది! వారం రోజులు వాటితో చూసిన రంగులన్నీ కొట్టేశాను. సార్ బీరువాలోంచి అసలు పుస్తకం తీసిచ్చారు. అంచులు నలిగినా, గడులు మాత్రం పదిలంగా ఉన్నాయి.

ఆ పుస్తకంలో ఒక్కో రంగు గడి పక్కన ఒక కన్నం ఉంటుంది. మట్టిముద్దని పేజీ వెనక పట్టుకుని, ఆ కన్నంలోంచి కనబడే రంగునీ పక్కనున్న గడినీ పోల్చాలి. డ్రాపర్‌తో చుక్క చుక్క నీళ్లు వేస్తుంటే మట్టి నల్లబడుతూ వస్తుంది. ఇక ఎన్ని చుక్కలు వేసినా రంగు మారదన్న చోట ఆపి చూడాలి. నీళ్లు ఎక్కువైతే మట్టి మెరిసి కన్నుని మోసం చేస్తుంది. ట్యూబులైటు కింద అసలు పనికిరాదు. పొద్దున తొమ్మిదికి వేపచెట్టు దాటి, వీపు ఎండకి పెట్టి నిలబడి చూశాం. నేనూ మా సీనియర్ అక్కా ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా రాసుకుని తర్వాత కలిపి చూసుకున్నాం.

ముసలిగట్టులో అడుగున ఉన్న మారని పొర 2.5 వై 5/2. అంటే బూడిద కలిసిన పసుపు. దాని పైనున్న గోధుమ పొర 10 వైఆర్ 5/4. వినడానికి చిన్న తేడానే గానీ చేతిలో పట్టుకుంటే సిమెంటుకీ శొంఠిపొడికీ ఉన్నంత తేడా. కుర్రగట్టులో పైనుంచి కిందదాకా సిమెంటే. మూడు సెంటీమీటర్ల మేర మాత్రం పైన కొంచెం మసకబారింది.

అక్టోబరు 19

ఇవాళంతా తూకాలతోనే సరిపోయింది. చేసిన పొరపాటు వివరంగా రాస్తున్నాను, మన తీరంలో ఈ పని చేసే ఎవరికైనా ఎదురవుతుంది.

105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచిన మట్టిని పొద్దున తీసి, చెయ్యి కాలనంత చల్లారగానే త్రాసు మీద పెట్టాను. 20.412 గ్రాములు. రాసుకునేలోపు 20.419. కళ్లముందే 20.427 అయింది. త్రాసు చెడిపోయిందనుకుని ఇత్తడి తూకపు గుండు పెట్టి చూశాను, అంకె కదల్లేదు. మళ్లీ మట్టి పెడితే మళ్లీ పెరుగుతోంది. అప్పుడు అర్థమైంది, తప్పు త్రాసుది కాదు, గాలిది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, గదిలో తేమ కొలిచే మీటరు 84 శాతం చూపిస్తోంది. ఎముకలా ఎండిన మట్టి గాలిలోంచి నీళ్లు లాగేసుకుంటోంది. పైగా గోరువెచ్చగా ఉన్న గిన్నె చుట్టూ గాలి పైకి లేస్తుంది కాబట్టి మొదట చూపిన అంకె కూడా అసలుకన్నా తక్కువే.

మందు తెలిసిందే, డెసికేటర్. మూత చుట్టూ గ్రీజు పూసిన గాజు పాత్ర, అడుగున సిలికా జెల్ గుళికలు. మా దానిలో గుళికలు నీలంగా ఉండాల్సింది గులాబీ రంగులో ఉన్నాయి. అంటే ఎప్పుడో నీళ్లు తాగేసి నిండిపోయాయన్నమాట. వాటిని పళ్లెంలో పోసి ఓవెన్‌లో పెడితే మధ్యాహ్నానికి గింజ గింజా మళ్లీ నీలం తిరిగింది. అప్పటికి తొమ్మిది నమూనాల తూకాలు అయిపోయాయి, ఆ తొమ్మిదీ మళ్లీ మొదటి నుంచి చేశాను. బంకమన్ను ఎక్కువున్న మట్టి తేమని ఎక్కువ లాగుతుంది. అంటే పొరపాటు అన్నిట్లోనూ ఒకేలా ఉండదు, పాత మట్టిలోనే ఎక్కువ ఉంటుంది. నేను వెతికే తేడా కూడా సరిగ్గా అక్కడే ఉంది. అందుకే వదిలిపెట్టలేదు.

అక్టోబరు 25

బంకమన్ను ఎంతుందో కొలిచే పని. ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, మట్టిలోని ఆకు అలము తాలూకు కుళ్లుని కాల్చేయాలి. కుర్రగట్టు మట్టిలో చిన్న బుడగ కూడా రాలేదు. ముసలిగట్టు పై పొర పాలపొంగులా లేచి బీకరు దాటి బల్ల మీదికొచ్చింది. మంచుకొండ మీద, ఏడాదిలో నాలుగు నెలలే పెరిగే గడ్డి వేల ఏళ్లుగా కూడబెట్టినది అలా నురగై పోయింది.

తర్వాత మట్టి రేణువుల్ని విడదీసే కాల్గన్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, లీటరు జాడీల్లో కలిపి వదిలేస్తే ఇసుక ముందు దిగుతుంది, ఆ తర్వాత ఒండ్రు, బంకమన్ను చివరిదాకా తేలుతుంది. ఒక లెక్క ప్రకారం ఆగి, పది సెంటీమీటర్ల లోతు నుంచి పిపెట్‌తో కొంచెం నీరు తీసి ఎండబెడితే 2 మైక్రాన్ల లోపు రేణువుల తూకం వస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది ఇక్కడ కీలకం. ల్యాబు గోడకి అంటించిన కాగితంలో 8 గంటలని ఉంది. అది 20 డిగ్రీల నీటికి. మన గదిలో నీరు 30 డిగ్రీలు. వేడి నీరు పలచన, రేణువులు తొందరగా దిగిపోతాయి. రేణువు నీటిలో దిగే వేగం చెప్పే స్టోక్స్ సూత్రంతో వేస్తే 6 గంటల 22 నిమిషాలు వచ్చింది. 8 గంటలు ఆగి ఉంటే బంకమన్నులో కొంత భాగం కూడా నేను తీసే లోతు దాటి కిందికి పోయేది, మట్టి ఉన్నదానికన్నా చిన్న వయసుదిగా కనబడేది. చలిదేశాల వాళ్లు రాసుకున్న పద్ధతిని ఇక్కడ వాడేటప్పుడు ప్రతి అంకె దగ్గరా ఆగి, ఇది ఏ ఊరి అంకె అని అడగాల్సిందే.

మధ్యలో గది వేడి మారితే జాడీ నీళ్లలో వేడి తేడా వచ్చి సుడులు లేస్తాయి. అందుకని ఐదు జాడీలనీ పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి అందులో నిలబెట్టాను.

ఫలితాలు: కుర్రగట్టు 2 శాతం. ముసలిగట్టు గోధుమ పొర 8, అదే గుంట అడుగున 3. నడిగట్టు 7.

అక్టోబరు 29

తుఫాను వానలు. రెండు రోజులుగా ఏ పనీ లేదు. సంచులన్నీ బీరువా పై అరలోకి మార్చాను.

నవంబరు 9

ఆనందపురం అవతల మామయ్య వాళ్ల జీడితోటలో వనభోజనాలు. చిన్న డబ్బాల్లో ఐదు గుంటల గోధుమ పొర మట్టీ పట్టుకెళ్లాను. మామయ్య యాభై ఏళ్లుగా మట్టిలోనే ఉన్న మనిషి. పేర్లు చెప్పకుండా డబ్బాలు ముందు పెట్టి, కొత్తదాని నుంచి పాతదాని దాకా వరస పెట్టమన్నాను. (కుర్రగట్టుకి గోధుమ పొర లేదు కాబట్టి అంతే లోతు మట్టి పెట్టాను.)

ఆయన భోజనం చేసి చెయ్యి కడుక్కుని, గ్లాసులో మిగిలిన నీళ్లు రెండు చుక్కలు వేసి వేళ్ల మధ్య నలిపారు. కుర్రగట్టు డబ్బా ముట్టుకోగానే, "ఇదేటే కోడలా, మట్టి కాదిది. నూరిన రాయి" అన్నారు. మొదట అది పెట్టారు. నడిగట్టు మట్టిని అరచేతుల మధ్య తాడులా పేనబోతే రెండంగుళాలకే తెగింది. "కూసింత బంక వచ్చింది. మన గరువు మట్టికి చాలదు గానీ, ఈటికి పేణం ఉంది" అన్నారు. ముసలిగట్టు శిఖరం మీది మట్టీ, తెలియని గట్టు మట్టీ పక్కపక్కన పెట్టి, "ఈ రెండూ ఒకటే, నేను తేడా చెప్పలేను" అన్నారు. ఐదో డబ్బా మాత్రం పట్టుకోగానే కళ్లు పెద్దవయ్యాయి. అది అన్నిటికన్నా పాతదని చివర పెట్టారు. ఒక నిమిషం ఊరుకుని మళ్లీ తీసి నలిపారు.

"ఇది పల్లంలో తీసిందా?"

అవును. ముసలిగట్టుకే పాదం దగ్గర తీసిన గుంట అది.

"అదే మరి. మిట్టనున్న మెత్తటి మట్టంతా వానకి కొట్టుకొచ్చి పల్లంలో పడతాది. పల్లంలో మట్టి ఎప్పుడూ బలంగా ఉంటాది. దాన్ని చూసి మిట్ట నేల వయసు చెప్తే ఎలాగ?"

ఆ గుంట తీసినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో నాకు గుర్తుంది. శిఖరం మీద గోధుమ పొర 34 సెంటీమీటర్లకే ఆగిపోయింది, పాదం దగ్గర 71 దాకా వెళ్లింది. నోట్‌బుక్కులో 'బాగా ఎదిగిన మట్టి' అని రాసి రెండు గీతలు కూడా గీశాను. అక్కడే ఎదిగిన మట్టీ, పైనుంచి జారి చేరిన మట్టీ వేరని క్లాసులో చదివాను, పరీక్షలోనూ రాశాను. గుంటలో దిగినప్పుడు మాత్రం తట్టలేదు. రాత్రి ఇంటికొచ్చి ఆ గుంట ఫొటోలు పెద్దవి చేసి చూశాను. 40 సెంటీమీటర్ల దగ్గర సన్నటి నల్లగీత ఉంది. పాత నేల పైభాగం అది, దాని మీద కొత్త మట్టి వచ్చి పడింది.

మిట్టకి ఉన్న చిక్కు వేరు. అక్కడి నుంచి మట్టి పోతూ ఉంటుంది కాబట్టి గుంటలో కనబడేది అసలు వయసుకన్నా చిన్న లెక్కే చెబుతుంది. అయినా వేర్వేరు గట్లని పోల్చాలంటే అన్నిట్లోనూ శిఖరాన్నే, అదీ చదునుగా ఉన్నచోటే తీసుకోవాలి. మామయ్యకి పాదాభివందనం చేసి వచ్చాను, ఇక్కడ కూడా చేస్తున్నాను.

నవంబరు 16

ఇంటావిడ నిన్న అడిగిన ప్రశ్న ఒకటి బుర్రలో తిరుగుతోంది. "మన భీమిలి దిబ్బలు అంత ఎర్రగా ఉంటాయి కదా, నీ మంచుకొండల కన్నా అవి ఎన్ని రెట్లు పాతవి?" ఆదివారం కదా అని పొద్దున్నే భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాను.

మన జాతీయ భూవారసత్వ స్థలం ఇది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. అక్కడ పిడికెడు మట్టి కూడా తీయకూడదు, నేను తీయలేదు, గీరలేదు. వాగు కోసిన గోడ పక్కన నిలబడి మన్సెల్ పేజీ దగ్గరగా పట్టుకుని చూశాను. 2.5 వైఆర్ 4/6. లాహౌల్ మట్టి ఉన్న పేజీ దాటి, తర్వాతి రెండు పేజీలూ దాటి, మూడో పేజీలో ఉంది ఈ ఎరుపు.

హిమయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, సుమారు 20,000 ఏళ్ల కిందట, బోలెడంత నీరు మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగిపోయింది. మన తీరంలో సముద్రం వెనక్కి పోయి ఇసుక బయటపడింది, గాలి దాన్ని ఎత్తి పోసింది. ఈ దిబ్బల పుట్టుకకి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది ఇదే. లాహౌల్ గట్లు అంతకు కొన్ని వేల ఏళ్ల తర్వాతివే అయినా, మంచు పెరగడం తగ్గడమే అక్కడ గట్లు పోసింది, ఇక్కడ గాలికి ఇసుకని అందించింది. ఆ గోడ పక్కన నిలబడి ఇది తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

అయితే ఇంటావిడ ప్రశ్నకి జవాబు రంగులో లేదు. ఈ ఇసుకలో తూర్పు కనుమల ఖొండలైట్ రాతి నుంచి వచ్చిన గార్నెట్, ఇల్మెనైట్ గింజలున్నాయి, ఇనుముకి కొదవ లేదు. ఇక్కడి ఎండకీ వానకీ ఆ ఇనుము హెమటైట్‌గా మారి ప్రతి ఇసుకరేణువుకీ ఎర్రటి పూత పూసింది. లాహౌల్‌లో ఏడాదిలో సగం నేల గడ్డకట్టే ఉంటుంది, వాన పడేది కూడా తక్కువ. అక్కడ ఇనుము గోధుమరంగు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పదివేల ఏళ్లలో వచ్చే మార్పుకి ఇక్కడ అంతకాలం అక్కర్లేదు. 1941లో హాన్స్ జెన్నీ మట్టికి ఐదుగురు కర్తలని రాశాడు: వాతావరణం, జీవులు, నేల వాలు, మాతృపదార్థం (మట్టికి మూలమైన రాయీ రాతిపొడీ), కాలం. కాలాన్ని ఒక్కదాన్నే చదవాలంటే మిగతా నలుగురూ మారకుండా ఉండాలి. భీమిలిని లాహౌల్‌తో పోల్చడం అంటే ఐదుగురినీ ఒకేసారి మార్చేసి, మార్పు కాలానిదే అనడం.

నవంబరు 30

జెన్నీ చెప్పిన ఆ కర్తల్లో ఇంకొకరు, మాతృపదార్థం, నా గుంటల్లోనే మారిపోయి ఉన్నారు. ఇవాళ చూశాను.

జల్లెడ మీద మిగిలిన రాళ్ల తూకాలు వరసగా రాస్తుంటే, నడిగట్టు, ముసలిగట్టు, తెలియని గట్టు మూడింట్లోనూ పై 12 సెంటీమీటర్లలో గులకరాళ్లు దాదాపు లేవు. దాని కింద మూడో వంతు రాళ్లే. మంచు పోసిన కుప్పలో రాయీ పొడీ కలిసే ఉండాలి, పైన మాత్రమే మెత్తగా ఉండటానికి వీల్లేదు. చేతి లెన్సు పెట్టి చూస్తే పై పొరంతా ఒకే సైజు ఒండ్రు, అభ్రకం తళుకులు. మధ్యాహ్నం మూడయ్యేసరికి చంద్రా నది ఇసుక మేటల మీద నుంచి దుమ్ము తెర లేచి లోయంతా కమ్మేసేది, మేం టవళ్లు ముఖానికి కట్టుకుని తవ్వేవాళ్లం. ఆ దుమ్మే ఇది! వేల ఏళ్లుగా గట్ల మీద పడుతోంది.

అంటే ఆ 12 సెంటీమీటర్ల ఒండ్రు రాయి అరిగి పుట్టినది కాదు, గాలికి వచ్చి చేరింది. దాన్ని శిథిలం లెక్కలో వేస్తే గట్టు లేని వయసు తెచ్చుకుంటుంది. బంకమన్ను లెక్క అంతా ఆ పొర కింద నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

డిసెంబరు 13

ఇన్నాళ్ల కొలతలన్నీ కలిపి గుంటకొక అంకె తేల్చే రోజు. జెన్నిఫర్ హార్డెన్ 1982లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ నది ఒండ్రుమెట్టల మీద తయారుచేసిన పద్ధతి వాడుతున్నాను. మట్టి ఇప్పుడు ఎలా ఉందని కాదు, మొదలైన చోటు నుంచి ఎంత దూరం వచ్చిందని అడుగుతుంది ఈ పద్ధతి. నాకు నచ్చింది అదే.

ముసలిగట్టు శిఖరం రంగు సంగతే తీసుకుంటే, అడుగు పొర 2.5 వై 5/2, గోధుమ పొర 10 వైఆర్ 5/4. ఎరుపు వైపు ఒక పేజీ జరిగింది, 10 మార్కులు. చిక్కదనం 2 నుంచి 4కి, ఇంకో 20. మొత్తం 30. పొడిగా ఉన్నప్పటి రంగుకీ ఇలాగే వేసి కలపాలి. బంక, గడ్డలు కట్టే తీరు, పొడిగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా ఉంది, తడిపితే ఎంత, రేణువుల మీద బంకపూత ఉందా లేదా, అన్నిటికీ ఇదే తీరున వేసి, ఒక్కోదాన్ని దాని గరిష్ఠంతో భాగించి, సగటు తీసి, పొర మందంతో హెచ్చించి, పొరలన్నీ కూడాలి.

కుర్రగట్టు 0.4. నడిగట్టు 4.1. ముసలిగట్టు శిఖరం 4.6. తెలియని గట్టు 5.0. ముసలిగట్టు పాదం 9.8.

చివరి అంకెని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఒకే గట్టు, ఒకే వయసు, మధ్య దూరం నలభై అడుగులు ఉండదు. శిఖరానికీ పాదానికీ 5.2 తేడా. రెండు వేర్వేరు హిమదశల గట్లకి మధ్య తేడా 0.5. నవంబరులో మామయ్య ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఆ 9.8 పట్టుకుని బాతల్‌కన్నా పాత దశ ఒకటి దొరికిందని రాసేసేదాన్ని.

డిసెంబరు 21

అక్క నా అంకెలు చూడకుండా ఐదు గుంటలకీ తన లెక్క వేసింది. ఇద్దరికీ మధ్య తేడా 0.7 దాకా వచ్చింది. అంటే నడిగట్టుకీ ముసలిగట్టుకీ మధ్య ఉన్న 0.5 అనేది మా చేతుల్లో ఉన్న తేడాకన్నా చిన్నది. మట్టి చూసి ఈ రెంటినీ విడదీయలేను.

ఎందుకని సార్‌ని అడిగాను. బోర్డు మీద ఒక వంపు గీత గీశారు, మొదట నిటారుగా లేచి తర్వాత చదునైపోయేది. మట్టి మొదట్లో తొందరగా మారుతుంది, పోను పోను నిదానిస్తుంది. అలాస్కాలోని గ్లేసియర్ బే దీనికి మంచి ఉదాహరణ. 1794లో వాంకూవర్ నౌకాయాత్ర వెళ్లినప్పుడు ఆ అఖాతం మంచుతో మూసుకుపోయి ఉంది. ఆ తర్వాత మంచు వెనక్కి తగ్గుతూ పోయింది, ఏ చోటు ఏ కాలంలో బయటపడిందో తెలుసు. అక్కడ ఆల్డర్ చెట్లు పెరిగిన చోట మట్టి పీహెచ్ సుమారు 8 నుంచి 5కి దిగడానికి యాభై ఏళ్లు చాలాయి. అంత వేగంగా కదిలే గుణం వేల ఏళ్ల లెక్కకి పనికిరాదు, అప్పటికే అది ఆగిపోయి ఉంటుంది. బంకమన్నూ ఇనుమూ నిదానం, వాటితో వేల ఏళ్లు చూడొచ్చు. కానీ కాలాన్ని ఒక్కో అడుగుకీ పదింతలయ్యే లాగరిథం కొలబద్ద మీద పెడితే వంద ఏళ్లకీ పదివేల ఏళ్లకీ మధ్య రెండు పెద్ద అడుగులున్నాయి, 11,000కీ 14,000కీ మధ్య ఉన్నది పదో వంతు అడుగు. నా కుర్రగట్టు ఆ గీత మొదట్లో ఉంది. మిగతా మూడూ పైన, చదునైన చోట గుంపుగా ఉన్నాయి.

జనవరి 4

రిపోర్టులో ఫలితం ఇలా రాశాను. తెలియని గట్టు కుర్రగట్టు తరానిది కాదు, అందులో సందేహం లేదు. నడిగట్టు, ముసలిగట్లు ఉన్న తరానిది. సుమారు పదివేల నుంచి పదిహేను వేల ఏళ్ల మధ్య ఎక్కడో ఉంటుంది. 5.0 వచ్చింది కదా, అన్నిటికన్నా పాతదని అనలేను. జూన్ నోట్‌బుక్కు తిరగేస్తే ఇంకో సాక్ష్యం దొరికింది. తెలియని గట్టు మీద ఇరవై గ్రానైట్ బండల్ని సుత్తితో కొట్టి రాసుకున్నాం, పదమూడు దబ్బుమన్నాయి, ఏడు ఖంగుమన్నాయి. కుర్రగట్టు మీద ఇరవైకి ఇరవై ఖంగుమన్నవే. శిథిలమైన రాయి మోగదు. మట్టి చెప్పినదానికి రాయీ సరేనంది.

ఒక స్నేహితురాలు రిపోర్టు చదివి, "ఇంత చేసి ఐదువేల ఏళ్ల సందు మిగిల్చావా?" అంది. అవును, అంతే మిగిలింది. ఆ సందుని తగ్గించడానికి బెరీలియం కొలత ఉంది, దానికి యాక్సిలరేటర్ అనే పెద్ద యంత్రం కావాలి, లోయలో ఉన్న ప్రతి గట్టుకీ అది చేయించలేం. ఏ గట్టుకి చేయిస్తే ఫలితం ఉంటుందో, ఏది నిన్న మొన్నటిదో, పారతో గుంట తీసి ముందే చెప్పగలిగితే అది చిన్న పని కాదు.

జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం, అనుమతికి కాగితాలు పెట్టాం. ఈసారి ఒక్కో గట్టు శిఖరం మీద ఒకటి కాదు, మూడేసి గుంటలు. ఒకే శిఖరం మీద గుంటకీ గుంటకీ ఎంత తేడా వస్తుందో తెలియకుండా గట్టుకీ గట్టుకీ తేడా అనడం కుదరదు. తెలియని గట్టు మీద ఖంగుమన్న ఏడు బండల చోటు కూడా మళ్లీ చూడాలి, పక్క వాలు నుంచి తర్వాత దొర్లి వచ్చాయేమో.

మిగిలిన మట్టిని ఈ సాయంత్రం గుంటకొక గాజు సీసాలో పోసి, మూతల చుట్టూ మైనం కరిగించి పోశాను. పాదం గుంట సంచీ మీద జూన్‌లో అంటించిన 'బాగా ఎదిగిన మట్టి' చీటీ తీసేసి, దాని సీసా మీద 'పల్లం మట్టి' అని రాసి అంటించాను. ఒక చిన్న సీసా మామయ్యకి పక్కన పెట్టాను, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇస్తాను.